ఏ బంధమూ లేని ప్లాన్

పూర్వం మనిషి బంధాలు తెంచుకోవాలంటే ఇల్లూ వాకిలీ వదిలి, గడ్డం పెంచి, అడవి దారి పట్టి, ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని కూర్చోవలసి వచ్చేది. ఆ పద్ధతిలో కాలహరణం ఎక్కువ, ఫలితం అనుమానం. ఇప్పుడా అవస్థ లేదు. బస్టాండు పక్క మూడంతస్తుల మేడలో, కింది వాటాలో ఉన్న సెల్‌ఫోన్ల షాపుకు వెళ్ళి ఒక గుర్తింపు కార్డూ రెండు ఫొటోలూ ఇస్తే చాలు, భోజనాల వేళకల్లా సర్వబంధ విముక్తుణ్ణి చేసి పంపిస్తున్నారు. (ఫొటోల వెనక తెర తెల్లగా ఉండాలి. నీలం తెర ముందు దిగినవారికి విముక్తి లేదు.)

ఈ సదుపాయం వాడుకోవలసిన అగత్యం ఆ మేడ మెట్ల కిందే ఉండే తాళాలాయనకు పట్టింది.

మెట్ల కింద ఆయన కొట్టులో మనిషి కూర్చోవచ్చు గానీ నిలబడడానికి లేదు. అందులోనే ముప్పై ఏళ్ళుగా ఆకురాయితో తాళంచెవులు అరగదీస్తూ, పోయిన తాళాలకు చెవులు చేస్తూ, పోయిన చెవులకు తాళాలు విప్పుతూ బతుకుతున్నాడు. ఆయనకు అసలు పేరంటూ ఒకటి ఉంది. అది గుర్తింపు కార్డు మీద తప్పు పడింది. దిద్దించుకోవాలంటే అసలు పేరు అదేనని రుజువు చూపించాలన్నారు. రుజువు గుర్తింపు కార్డే. దాంతో ఆయన పేరు వాడకం మానేశాడు. ఊరంతా తాళాలాయన అనే పిలుస్తుంది.

ఆయన దగ్గర ఒక మీటల ఫోన్ ఉండేది. వెనక మూతకు రబ్బరు బ్యాండు, ముందు అద్దానికి పగులు, అయినా గంట కొట్టినట్టు మోగేది. ఒకరోజు దానికి సంస్థవారి నుంచి సందేశం వచ్చింది: "ప్రియమైన వినియోగదారుడా! మీ మేలు కోరి, మీ ఫోన్ ఈ నెలాఖరు నుంచి పనిచేయదు. అభినందనలు."

అభినందనలు ఎందుకో తాళాలాయనకు అర్థం కాలేదు గానీ, పనిచేయదన్న ముక్క అర్థమై కంగారు పట్టుకుంది. దానికి కారణం అక్క.

ఆయనకు ఒక్కతే అక్క. ఊరి రెండో కొసన ఉంటుంది. బడిలో గంట కొట్టే ఉద్యోగం చేసి రిటైరైంది. తల్లి పోయినప్పుడు తల్లి ఇనప బీరువా అక్క బండికెత్తించుకుపోయింది. దాని తాళంచెవి తమ్ముడి మొలతాడుకు ఉండిపోయింది. తాళంచెవి ఇవ్వరా అంది అక్క. మర్యాదగా అడుగు, ఇస్తానన్నాడు తమ్ముడు. పెద్దదాన్ని, నేను అడగడమేమిటి అంది అక్క. అంతే, పదకొండేళ్ళు. ఆ బీరువా ఇప్పటిదాకా తెరుచుకోలేదు. తమ్ముడు తాళాల పనివాడై ఉండగా బయటివాణ్ణి పిలిస్తే పరువు పోతుందని ఆవిడ ఎవర్నీ పిలవలేదు. నాలుగు నిమిషాల్లో ఇంకో చెవి అరగదీసి పంపగలిగి ఉండి ఈయన పంపలేదు. ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవు గానీ ఫోన్ ఉంది. రోజూ పొద్దున ఆరు కొట్టగానే అక్క ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. నేను బతికే ఉన్నాను అని దాని అర్థం. వెంటనే తమ్ముడు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. నేనూ అని. ఈ పద్ధతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు, మాట్లాడుకునే వీలే ఉంటే ఇది అక్కర్లేదు. గొడవైన మర్నాడు ఆవిడ ఏదో అనబోయి ఒక్క రింగుకే పెట్టేసింది, ఈయనా అంతే చేశాడు, అలా నడిచిపోతోంది. పదకొండేళ్ళలో ఒక్క పొద్దు తప్పలేదు. అక్కకు నూట మూడు జ్వరం వచ్చిన నాడు కూడా ఆరింటికి రింగొచ్చింది, కాకపోతే కాస్త నీరసంగా మోగిందని తాళాలాయన ఇప్పటికీ చెబుతాడు.

కాబట్టి నెలాఖరుకు రెండు రోజుల ముందు ఆయన చేతులు కడుక్కుని, కొట్టుకు నాలుగడుగుల దూరంలోని సెల్‌ఫోన్ల షాపులోకి ముప్పై ఏళ్ళలో మొదటిసారి కస్టమర్‌గా అడుగుపెట్టాడు.

"చెప్పండంకుల్, ఏ రేంజిలో చూపించమంటారు?" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. ఆమె చొక్కాకున్న బిళ్ళ మీద 'మీ నేస్తం' అని ఉంది.

"రేంజి సంగతి తరవాతమ్మా. పొద్దున ఆరింటికి ఒక్క రింగు రావాలి. వెంటనే నేనొక్క రింగివ్వాలి. అంతే నాకు పని."

"అంటే మిస్డ్ కాలా?"

"ఆఁ, మిస్డ్ కాలే."

అమ్మాయి జాబితా అటూ ఇటూ తిప్పింది. "మిస్డ్ కాలని ప్రత్యేకంగా ఏ మోడల్‌కీ లేదంకుల్. ఐదు కెమెరాలున్నది ఉంది, చూస్తారా?"

"ఐదెందుకమ్మా? నాకున్నది ఒక్క మొహం."

"ఒక్కటే పనిచేస్తుందిలెండి. మిగతా నాలుగూ ఊరికే, చూడ్డానికి."

షాపు బయట 'అందుబాటు ధరల్లో' అని గజమంత అక్షరాలతో రాసి ఉంది. విచారించగా తేలిందేమంటే, అందుబాటు ధర ఫోన్లన్నీ అన్నిటికన్నా పై అరలో పెట్టారు. నిచ్చెన రెండో అంతస్తు వాళ్ళు పట్టుకెళ్ళారు. అది వచ్చేదాకా అమ్మాయి చేతికందే ఖరీదైన ఫోన్లు చూపించి, ఒక్కొక్కటీ ఎందుకు కొనలేరో ఓపిగ్గా వివరించింది. చివరికి నిచ్చెనెక్కి దించిన ఫోన్ పేరు లైట్. బరువు తక్కువని కాదు. ఏదైనా పనిచేయకపోతే కస్టమర్ లైట్ తీసుకోవాలని.

"ఇంక ప్లానంకుల్. మీకు బంధం ఉన్నది కావాలా, లేనిది కావాలా?"

"ఏం బంధమమ్మా?"

"రెండేళ్ళు మా దగ్గరే ఉంటానని ఒప్పందం రాసిస్తే బంధం ఉన్న ప్లాన్. ముందు డబ్బు కట్టి, ఉన్నన్నాళ్ళు ఉండి, వద్దనుకుంటే పోయేది బంధం లేని ప్లాన్. నెల నెలా వేసుకోవడమే. నెలంటే ఇరవై ఎనిమిది రోజులు."

"మరి మిగతా రెండు మూడు రోజులో?"

"ఆ రోజులు మా దగ్గర ఉండవంకుల్," అంది అమ్మాయి, ఆ రోజులు అయిపోయినందుకు తానే బాధ్యురాలైనట్టు.

తాళాలాయన బంధం లేనిదే కావాలన్నాడు. ఆ మాట అనడంలో ఆయన గొంతులో కాస్త గర్వం కూడా పలికింది. దానికి మొదటి అంతస్తులో విముక్తి అధికారి దగ్గర పత్రం నింపాలంది అమ్మాయి.

మొదటి అంతస్తులో ఒకదానికొకటి మేకులు కొట్టిన ప్లాస్టిక్ కుర్చీల వరస, టోకెన్ల యంత్రం, అద్దం వెనక విముక్తి అధికారి ఉన్నారు. మనుషులెవరూ లేరు. తాళాలాయనకు రెండువందల పన్నెండో టోకెన్ వచ్చింది. గోడ మీది బోర్డు ఏడు చూపిస్తోంది. మధ్య నెంబర్ల వాళ్ళేరని అడిగితే, వాళ్ళంతా విసుగుపుట్టి వెళ్ళిపోయారనీ, అయినా వరస వరసేననీ, ఒక్కో నెంబరూ మూడేసిసార్లు పిలిచి గానీ దాటకూడదనీ అధికారి చెప్పారు. పిలిచారు కూడా. ఖాళీ గదిలో ఎనిమిది నుంచి రెండువందల పదకొండు దాకా పిలిచేసరికి తాళాలాయన భార్య అన్నం క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసింది.

పత్రం పేరు బంధరాహిత్య ప్రకటన. పదహారు పేజీలు. ప్రతి పేజీ అడుగునా 'నాకూ సంస్థకూ ఎటువంటి ఒప్పందమూ లేదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను' అని సంతకం పెట్టాలి. బంధం లేకపోవడానికి నూట పన్నెండు నిబంధనలున్నాయి. ఆ ఆఫీసులో కనిపించే అసలు బంధం ఒక్కటే, పెన్నును కౌంటరుకు కట్టిన దారం. అది పొట్టిగా ఉండటం వల్ల తాళాలాయన పదహారు సంతకాలూ వంగి దణ్ణం పెడుతున్నట్టు పెట్టాడు.

"ఇంక వేలు పెట్టండి," అన్నారు అధికారి.

తాళాలాయన యంత్రం మీద బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. చూపుడు వేలు పెట్టాడు. ఎర్రదీపం. పది వేళ్ళూ అయ్యాయి. అధికారి అద్దం కింది కంతలోంచి ఆ చెయ్యి లాక్కుని, కళ్ళజోడు ఎత్తి చూశారు.

"మీకు వేళ్ళున్నాయి గానీ ముద్రలు లేవండీ."

"ముప్పై ఏళ్ళ ఆకురాయి బాబూ. ఇనుమే అరుగుతుంటే తోలెంత."

"ముద్రలు లేని వ్యక్తి ఉన్నాడని చెప్పడానికి మాకు ఆధారం ఉండదు. నలభై నాలుగో నిబంధన ప్రకారం మీ రక్తసంబంధీకులు ఎవరైనా వచ్చి, మీకు ఏ బంధమూ లేదని సంతకం చెయ్యాలి."

"ఇదిగో మా ఆవిడ ఇక్కడే ఉంది."

"భార్య చెల్లదండీ. పెళ్ళి ఒప్పందం కిందికొస్తుంది. మీది ఒప్పందం లేని ప్లాన్ కదా."

భార్య క్యారేజీ కిందపెట్టింది. "ఓహో, ఒప్పందమా అది? నాకిన్నేళ్ళూ తెలీదే! మరి గడువెప్పుడు అయిపోతుందో కూడా చూసి చెప్పండి, పుణ్యముంటుంది."

"ఆ వివరాలు రెండో అంతస్తులోనమ్మా," అన్నారు అధికారి. ఆయన హాస్యమాడటం లేదు. (రెండో అంతస్తులో నిజంగానే ఒక కౌంటరుంది. నిచ్చెన అక్కడే ఉంటుంది.) "చెప్పండి, రక్తసంబంధీకులెవరూ లేరా?"

అరగంట బస్సు ప్రయాణంలో అక్క ఉంది. కబురు పెడితే చేతిలో పని వదిలేసి వస్తుంది. కానీ కబురు పెట్టడమంటే అడగడమే. అడగడమంటే పదకొండేళ్ళ పంతం పదహారో పేజీలో పోవడమే. తాళాలాయన పెన్ను దారం సాగేంతవరకూ లాగి, 'రక్తసంబంధీకులు' అన్నదాని ఎదురుగా 'లేరు' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

"అదేంటండీ! వదిన—"

"నువ్వూరుకో."

"నిక్షేపంలా ఉన్న మనిషిని లేదని రాస్తారా? కళ్ళు పోతాయి."

"కాగితం మీదే కదే. కాగితం మీద నా పేరు మాత్రం సరిగ్గా ఉందా?"

ఎవరూ లేనివారికి నలభై ఐదో నిబంధన కింద వెంటనే మంజూరవుతుందట. అధికారి స్టాంపు వేసి, లేచి నిలబడి, అద్దం కంతలోంచి కరచాలనం చేశారు. "ఈ క్షణం నుంచి మీకు ఏ బంధమూ లేదు. శుభం."

పాత ఫోన్‌లోని పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది నేస్తం బిళ్ళ అమ్మాయి. అన్నీ కలిపి నాలుగు. ఇల్లు, అక్క, ఇనప సామాన్ల కొట్టు, కరెంటాఫీసు. పాత నెంబరే ఉంటుందంది. పదకొండేళ్ళ నెంబరు నిలబడిందన్న సంతోషంలో తాళాలాయన ఆ సాయంత్రం ఎవరికో బీరువా తాళం డబ్బు తీసుకోకుండా విప్పి పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆరైంది. ఫోన్ మోగలేదు.

ఆరూ ఐదైంది. తాళాలాయన ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆరుంబావుకు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఊపితే వస్తుందా? మందు సీసా ఏంటది?" అంది భార్య, కానీ ఆవిడా పొయ్యి దగ్గర్నుంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఈయనే ఒక రింగిద్దామని నొక్కాడు. టుక్కుమని చప్పుడై ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టుక్కు. నిద్రపోయిందేమోలే అనుకున్నాడు. ముప్పై ఏళ్ళు బడిగంట కొట్టిన మనిషి ఆరింటికి నిద్రపోవడం ఉండదని తనకూ తెలుసు. ఆ రోజు మూడు తాళంచెవులు చేసి మూడూ తప్పు చేశాడు. వెళ్ళి చూసిరమ్మని భార్య రెండుసార్లంది. వెళ్ళి చూస్తే ఏం కనబడుతుందోనని ఆయనకు భయంగా ఉంది. పంతం వల్ల వెళ్ళడం లేదని భార్యకు చెప్పాడు. భయమని చెప్పడం కన్నా అదే సులువు.

రెండోరోజూ ఆరైంది, రింగు లేదు. తాళాలాయన కొట్టు తెరవకుండానే, తొమ్మిది కాకముందే మొదటి అంతస్తు తలుపు ముందు నిలబడ్డాడు. దేవుడా, ఇది ఫోన్ పాడైపోవడమే అయ్యుండాలి అని మొక్కుకున్నాడు. కొని రెండ్రోజులైనా కాని ఫోన్ పాడైపోవాలని మొక్కుకున్న మొదటి వినియోగదారుడు ఆయనే అయ్యుంటాడు. ఆ మొక్కుకు సంబంధించిన పత్రం సంస్థ దగ్గర లేదు.

అధికారి వరసలన్నీ పిలుచుకుని, ఈయన నెంబరు కొట్టి చూసి, విశాలంగా నవ్వారు.

"ఫోన్ భేషుగ్గా ఉందండీ. పైగా మా యంత్రం మిమ్మల్ని ఒక పెద్ద మోసం నుంచి కాపాడింది. మోసపూరిత నెంబరు ఒకటి మీ వెంట పడింది. అటు నుంచి ఇటు రాకుండా, ఇటు నుంచి అటు పోకుండా కట్టేశాం."

"ఏ నెంబరండీ?"

"అక్క అన్న పేరుతో ఉంది. మీకు అక్క లేదని మీరే రాసిచ్చారు కదా. లేని అక్క పేరుతో రోజూ ఒకే టైముకి ఫోన్ చెయ్యడం, ఎత్తేలోగా పెట్టెయ్యడం! ఇట్లాంటివి మేం చాలా చూశాం. మాట్లాడరు, ఏమీ అడగరు. అలా నమ్మకం కుదిరేదాకా చేస్తారన్నమాట."

"నిన్న చేసిందా?" తాళాలాయన కౌంటరు పట్టుకున్నాడు. "ఇవాళ? ఇవాళ చేసిందా?"

"నిన్న ఆరింటికి ఒకటి. ఇవాళ ఆరింటికి ఒకటి, ఆరూ ఒకటికి ఒకటి, ఆరూ రెండుకి..." అధికారి వేలితో తెర మీద లెక్కపెట్టారు. "మొత్తం పద్నాలుగు. ఎంతకు తెగించారో చూడండి."

పదకొండేళ్ళుగా రెండో రింగు ఎరగని మనిషి పద్నాలుగుసార్లు చేసింది. బతికే ఉంది. అక్క బతికే ఉంది, తమ్ముడు పోయాడనుకుంటోంది. ఆయన టోకెన్ అక్కడే పారేసి, రెండేసి మెట్లు దిగుతూ పరిగెత్తాడు.

మెట్ల కింద గోలగా ఉంది. తన కొట్టు తలుపును ఒక ముసలావిడ రెండు చేతులా బాదుతోంది. జుట్టు ముడి వీడిపోయి ఉంది. లోపలే పడిపోయాడేమోనని ఆవిడ భయం. కుడికాలి చెప్పు ఒకటి, ఎడమకాలి చెప్పు ఇంకొకటి.

"ఎవరైనా రండర్రా! ఈ తాళం తీసేవాళ్ళెవరూ లేరా ఇక్కడ?"

"నేనున్నాను," అన్నాడు తాళాలాయన.

పదకొండేళ్ళలో అక్కతో ఆయన అన్న మొదటి మాట అదే. ఆవిడ వెనక్కి తిరిగి, తమ్ముణ్ణి నెత్తి నుంచి కాళ్ళదాకా చూసి, గోడకు చేరబడి, ఒక్కసారి ఊపిరి వదిలింది. కళ్ళనీళ్ళు తుడుచుకోను కూడా తుడుచుకోకుండా అందుకుంది.

"చచ్చావనుకున్నాన్రా, వెధవా!"

"నేనూ నీ గురించి అదే అనుకున్నాను."

"నేను చావడమేంట్రా? ఎంత మాటన్నావు! రింగిస్తే పలకవేం?"

"నీ రింగు నాకు రాలేదే అక్కా. పైన ఫోన్ ఆఫీసువాళ్ళు ఆపేశారు."

"నా రింగు ఆపడానికి వాళ్ళెవరు? పద పైకి."

పైకి వెళ్ళాక జరిగింది చెప్పక తప్పలేదు. అక్క పదహారు పేజీలూ తెప్పించుకుని, పదహారో పేజీలో 'లేరు' ఎదురుగా ఉన్న టిక్కును చాలాసేపు చూసింది. తాళాలాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు గానీ ఆవిడ తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

"టిక్కు కూడా వంకరే. చిన్నప్పట్నుంచీ అంతే," అంది మెల్లగా. తరవాత అధికారి వైపు తిరిగింది. "నేనే వీడి అక్కని. ఇదిగో ఉన్నాను. విప్పండి."

"అలా కుదరదమ్మా. లేని వ్యక్తి వచ్చి నేనున్నానంటే వ్యవస్థ తీసుకోదు. యంత్రం నమ్మాలి." అధికారి ఏదో నొక్కి, పెదవి విరిచారు. "మీ రెండు నెంబర్ల మధ్య పదకొండేళ్ళలో సుమారు ఎనిమిది వేల కాల్స్ ఉన్నాయి. మాట్లాడిన సమయం సున్నా నిమిషాల సున్నా సెకన్లు. సున్నా సెకన్లు మాట్లాడుకున్నవాళ్ళని అక్కాతమ్ముళ్ళుగా గుర్తించే సదుపాయం మా దగ్గర లేదు."

"మరేం చెయ్యమంటారు?"

"ముప్పై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడండి. యంత్రం వింటుంది. సంబంధం ఉందో లేదో అదే తేలుస్తుంది. ఆ వరకూ లైను తాత్కాలికంగా విప్పుతాను."

అలా అక్కా తమ్ముడూ మేకులు కొట్టిన కుర్చీల్లో, మధ్య ఒక ఖాళీ కుర్చీ వదిలి కూర్చుని, ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు. ఒకరి మాట ఒకరికి ఇటు చెవిలో నేరుగానూ, అటు చెవిలో అర సెకను ఆలస్యంగానూ వినబడుతోంది. మొదటి నాలుగు నిమిషాలూ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తెర మీద 'సంబంధం: అనుమానాస్పదం' అని ఎర్రగా వచ్చింది.

"ఏదో ఒకటి మాట్లాడు మరి," అంది అక్క.

"ఏం మాట్లాడను?"

"మోకాళ్ళ నొప్పులెట్లా ఉన్నాయి?"

"నాకు మోకాళ్ళ నొప్పులని నీకెవరు చెప్పారు?"

"అమ్మకుండేవి. నాకొచ్చాయి. నీకు రాకుండా ఉంటాయా?"

ఎర్ర అక్షరాలు పసుపు రంగుకు తిరిగాయి. అధికారి ముందుకు వంగారు. ఇంక తాళంచెవి సంగతి రాకుండా ఎలా ఉంటుంది? ఎనిమిదో నిమిషంలో వచ్చింది.

"తాళంచెవి ఉందా, పారేశావా?"

"మొలతాడుకే ఉంది. అడిగితే ఇస్తాను."

"నేనడగను."

"ఇప్పుడు అడిగావుగా?"

"ఉందా అన్నాను. ఇమ్మన్నానా?"

"ఆ బీరువాలో ఏముందో నీకు తెలుసా అసలు?"

"తెలీదు. నీకు తెలుసా?"

"నాకూ తెలీదు."

"తెలీకుండా పదకొండేళ్ళు మొలకు కట్టుకు తిరిగావట్రా, బుద్ధి లేకపోతే సరి!"

"తెలీకుండా నువ్వు పదకొండేళ్ళు ఇంట్లో పెట్టుకుని దుమ్ము దులపలేదూ?"

తరవాతి ఇరవై నిమిషాలు జరిగినలాంటి పోట్లాట ఆ గది ప్లాస్టిక్ కుర్చీలు ఎప్పుడూ ఎరగవు. చిన్నప్పుడు ఎవరు ఎవరి పలక పగలగొట్టారు, తల్లి ఎవరికి ఎక్కువ అన్నం పెట్టేది, తల్లి ఆఖరి రాత్రుళ్ళు పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేక బయటికెళ్ళి ఏడ్చారు, అన్నీ బయటికొచ్చాయి. మధ్యలో అక్క గొంతు బొంగురుపోయింది. తమ్ముడు ఫోన్ చెవికి పెట్టుకునే లేచి, కుండలోంచి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి ఖాళీ కుర్చీ మీద పెట్టాడు. ఆవిడ ఫోన్‌లో తిడుతూనే తాగింది. కింద కొట్టు దగ్గర గోల సంగతి తెలిసి వచ్చిన భార్య గుమ్మంలో నిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక పవిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా ముప్పయ్యో నిమిషానికి పచ్చదీపం వెలిగింది. అధికారి చదివి వినిపించారు: "పరిశీలన పూర్తయినది. ఇంత అన్యాయంగా పోట్లాడుకొనుట బయటివారికి సాధ్యము కాదు. రక్తసంబంధము రుజువైనది."

బంధం ఉన్నట్టు తేలింది కాబట్టి బంధం లేని ప్లాన్ రద్దయింది. దాని స్థానంలో 'స్వల్పబంధ ప్లాన్' అనే కొత్తదాన్ని ఇస్తున్నామనీ, ఇంకో ఇరవై పేజీలే ఉంటాయనీ అధికారి చెప్పారు. రక్తసంబంధీకుల గడిలో ఈసారి అక్క వంగి, దారం సాగినంత మేరకు లాగి, తన పేరు రాసింది. తమ్ముడి చేతికి పెన్ను ఇవ్వలేదు.

మెట్లు దిగాక తాళాలాయన మొలతాడు ముడి విప్పి, తాళంచెవి తీసి, అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ అడగలేదు, ఈయన ఇస్తానని అనలేదు. అరిగి నున్నబడ్డ ఆ చెవిని ఆవిడ చీర చెంగున ముడివేసుకుని బస్సెక్కింది. మంచిదిరా అన్న మాటైనా అనలేదు. అని ఉంటే ఆయన వెనక్కి తీసేసుకునేవాడు.

మర్నాడు ఆరింటికి ఫోన్ మోగింది. ఒక్క రింగు. తాళాలాయన కళ్ళు మూసుకుని విని, తానొక్క రింగిచ్చి, హమ్మయ్య అనుకుని పళ్ళు తోముకోవడానికి లేచాడు. ఫోన్ మళ్ళీ కిచకిచలాడింది. అది రింగు కాదు, సంస్థవారి సందేశం.

"ఏమనుంది?" అంది భార్య.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు. "ప్రియమైన వినియోగదారుడా! మీ అక్కగారి గడువు ఇరవై ఎనిమిది రోజుల్లో ముగుస్తుంది. ముగిసేలోగా మాట్లాడండి. ఒక్క రింగులు లెక్కలోకి రావు."



"మరి మీ గడువెప్పుడో రాశారా?" అంది భార్య.

తాళాలాయన వేలితో తెరను కిందికి జరిపి చూశాడు. ముద్రలు లేని వేలు కావడంతో మూడుసార్లు జరపాల్సి వచ్చింది.

"అది వినియోగదారుడికి చెప్పరట," అన్నాడు.